లైసెన్సు డబ్బు ఏ నీళ్లలో కలుస్తుందో చూసొచ్చాను

డెట్రాయిట్ నుంచి ఐ-75 మీద ఉత్తరానికి మూడు గంటలు వెళ్తే గ్రేలింగ్ అనే చిన్న ఊరు వస్తుంది. గ్రేలింగ్ అంటే ఒక చేప. దాని పేరే ఊరికి పెట్టారు. కానీ మిషిగన్ నదుల్లో ఆ చేప 1930ల్లోనే పూర్తిగా అంతరించిపోయింది. ఊరి మీదుగా పారే నది పేరు 'ఆ సేబుల్' (Au Sable). అందులో ఇప్పుడు ఉన్నవి ట్రౌట్ చేపలు. వాటి కోసం ఏటా వెళ్లే మా ఆఫీసు మిత్రుడు ఈసారి నన్నూ రమ్మన్నాడు.

బయల్దేరే ముందు నా చేత ఫోన్లోనే చేపలు పట్టడానికి ఒకరోజు లైసెన్సు కొనిపించాడు. 10 డాలర్లు. రాష్ట్రంలో ఉండేవాళ్లకు ఏడాది లైసెన్సు 26, బయటివాళ్లకు 76. "నాకు గాలం వేయడమే రాదు కదా" అన్నాను. "వచ్చినా రాకపోయినా రాడ్ చేత్తో పట్టుకోవాలంటే ఇది ఉండాల్సిందే. ఈ డబ్బుతో ఏం చేస్తారో అక్కడికెళ్లాక నువ్వే చూద్దువుగాని" అన్నాడు.

మమ్మల్ని పడవలో తిప్పిన గైడ్ పెద్దవయసు మనిషి. 'ఆ సేబుల్' పడవలు సన్నగా, పొడవుగా, అడుగు చదునుగా ఉంటాయి. మోటారు ఉండదు, గెడతో నడుపుతారు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే ఏటి అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. చుట్టూ ఇసుక నేలలు కావడంతో వాన నీరు, మంచు నీరు భూమిలోకి ఇంకి, ఊటగా మెల్లగా ఏట్లోకి దిగుతుందట. అందుకే ఎండాకాలంలోనూ నీళ్లు చల్లగానే ఉంటాయి. ట్రౌట్‌కి కావలసింది ఆ చల్లదనమే.

ఒక మలుపు దగ్గర ఆయన పడవ ఆపి గెడతో చూపించాడు. వేళ్లతో సహా ఒక పెద్ద చెట్టు మాను ఒడ్డుకు ఆనుకుని నీళ్లలో పడి ఉంది. గాలికి కూలింది అనుకున్నాను. కాదు, కావాలని తెచ్చి అక్కడ కుదురుగా అమర్చారు. 19వ శతాబ్దం చివర్లో ఇక్కడి వైట్ పైన్ అడవులను నరికి, దుంగలన్నీ ఈ ఏటి మీదుగానే కిందికి వదిలారు. దుంగలు సాఫీగా పోవడానికి ఏట్లో అడ్డంగా ఉన్న పాత మాన్లన్నీ తీసేశారు. గట్లు కోసుకుపోయి ఇసుక దిగింది. చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ల మీద ఆ ఇసుక మేట వేసింది. ఒకపక్క విచ్చలవిడిగా పట్టేయడం, ఇంకోపక్క బయటి నుంచి తెచ్చి వదిలిన ట్రౌట్లతో పోటీ, వీటన్నిటి మధ్య గ్రేలింగ్ నిలవలేకపోయింది.

"ఇప్పుడు ఆ మాన్లనే తిరిగి పెడుతున్నాం" అన్నాడాయన. మాను పక్కన నీటి వేగం పెరిగి ఇసుకను ఊడ్చుకుపోతుంది. కింద గుంట ఏర్పడుతుంది. చేపకు నీడా, దాక్కునే చోటూ దొరుకుతాయి. కొమ్మలకు పట్టే పురుగులు దానికి మేత. కాసేపు చూస్తూ కూర్చుంటే ఆ మాను నీడలోంచి ఒక ట్రౌట్ పైకొచ్చి ఈగను అందుకుని మళ్లీ కిందికి పోయింది.

ఇలాంటి పనులకు డబ్బు ఎలా వస్తుందో మిత్రుడు సాయంత్రం వివరంగా చెప్పాడు. 1950లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. దాన్ని తెచ్చినవాళ్లలో ఒకరు, జాన్ డింగెల్, మిషిగన్ ప్రతినిధే. రాడ్, రీల్ లాంటి సామాన్ల మీద 10 శాతం పన్ను తయారీదారు దగ్గరే వసూలు చేసి రాష్ట్రాలకు పంచుతారు. 1984లో మోటారు పడవల ఇంధనం మీద పన్ను కూడా ఇందులో కలిసింది. పంపకంలో 60 శాతం లైసెన్సుదారుల సంఖ్యను బట్టి, 40 శాతం రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి. ఒక పనికి రాష్ట్రం తన వంతు ఒక డాలరు పెడితే కేంద్రం మూడు డాలర్ల దాకా ఇస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒక షరతు. లైసెన్సు డబ్బును రాష్ట్రం చేపలు, వన్యప్రాణుల శాఖ పనులకు తప్ప ఇంకో ఖర్చుకు మళ్లిస్తే ఈ కేంద్ర నిధులకు అర్హత పోతుంది. మిషిగన్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, 2006లో ఓటు వేసి ఆ డబ్బుకు రాజ్యాంగంలోనే రక్షణ కల్పించుకున్నారు. బడ్జెట్‌లో లోటు వచ్చినప్పుడు ముందుగా కోత పడేది నోరులేని వాటికే. కాబట్టి ఈ తాళం చాలా అవసరం.

గ్రేలింగ్ దిగువన సుమారు ఎనిమిది మైళ్ల మేర ఈ నదిని 'హోలీ వాటర్' అంటారు. అక్కడ ఈగ ఆకారపు ఎరలే వాడాలి, పట్టిన ప్రతి ట్రౌట్‌నీ వదిలేయాలి. ఇంటికి ఒక్క చేప తీసుకుపోకపోయినా జనం ఏటేటా డబ్బు కట్టి వస్తున్నారు. ట్రౌట్ చేపలనూ వాటి ఏర్లనూ కాపాడే ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ 1959లో పుట్టింది ఈ ఒడ్డునే అని తెలిశాక నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

ఒక్క విషయం మాత్రం నన్ను వదల్లేదు. ఆ మధ్యాహ్నం మా పక్కనుంచి కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలు, వరసగా వెళ్లాయి. సొంత కయాక్‌కు మిషిగన్‌లో రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదు. తేట నీళ్లు అందరికీ కావాలి, ఖర్చు మాత్రం ఎక్కువగా గాలం వేసేవాళ్ల మీదే పడుతోంది. రేపు వాళ్లు తగ్గిపోతే లైసెన్సు ఆదాయమూ తగ్గుతుంది, తలలు లెక్కపెట్టి ఇచ్చే కేంద్రం వాటా కూడా తగ్గే ప్రమాదం ఉంది. ఏటి వల్ల సుఖపడే ప్రతివాళ్లూ ఎంతో కొంత కట్టే పద్ధతి రావాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

అది వచ్చేదాకా చేతిలో ఉన్నది చేయొచ్చు. లైసెన్సు కొనడానికి గాలం వేయడం వచ్చి ఉండాలన్న నియమం లేదు. ఇంటికొచ్చాక 26 డాలర్ల ఏడాది లైసెన్సు తీసుకున్నాను. మిషిగన్ లెక్కలో నా తల కూడా ఉంది. వచ్చే వేసవికి రాడ్ కూడా కొంటాను, దాని మీద పన్ను ఎటు వెళ్తుందో ఇప్పుడు తెలుసు కదా.