స్టూబెన్‌విల్‌లో ఒక క్యాచర్ సమాధి

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడోలో ఇప్పుడు మడ్ హెన్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆడే స్టేడియం చూసి, నల్లజాతి క్యాచర్ మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఇక్కడే ఆడాడని అనుకోవద్దు. 1884లో ఆయన ఆడిన లీగ్ పార్క్ ఇప్పుడు లేదు. అందుకే మేం అక్కడ ఎక్కువసేపు ఆగకుండా టర్న్‌పైక్ (టోల్ రహదారి) ఎక్కాం. దారిలో ఓబర్లిన్. 1881లో వాకర్ కాలేజీ జట్టుకు ఆడింది అక్కడే.

క్రికెట్ ఎరిగినవాళ్లకు, బ్యాటర్ వెనకాల బంతి పట్టే క్యాచర్ అంటే వికెట్ కీపరే కదా అనిపిస్తుంది. కానీ క్రికెట్‌లో పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. పైగా బంతి నేలకు తగిలి వేగం తగ్గుతుంది. 1884 బేస్‌బాల్‌లో, బంతి విసిరే పిచర్ నిలబడే గడి నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కు 50 అడుగులే. ముఖానికి తీగల మాస్కు వచ్చింది గానీ, మెత్త పెట్టిన పెద్ద చేతి తొడుగు (మిట్) ఇంకా రాలేదు. వాకర్ చేతికి పల్చటి తోలు తొడుగు, ఒక్కోసారి అదీ లేదు. బేస్ (పరుగుకోసం దాటాల్సిన మజిలీ) మీద ఎదుటి జట్టువాడు ఎవరూ లేకపోతే క్యాచర్ వెనక్కి జరిగి బౌన్స్ మీద పట్టుకోవచ్చు. అలా రన్నర్ ఉంటే మాత్రం బ్యాటర్ వెనకాలే నిలబడాలి, లేకపోతే ఆ రన్నర్ బేస్ దొంగిలిస్తాడు, అంటే బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తేస్తాడు. వేళ్లు విరిగేది అక్కడే.

అందుకే ఏ బంతి వెయ్యాలో క్యాచర్ పిచర్‌కు చేసే సైగలు. నేరుగా వస్తుందో వంకర తిరుగుతుందో ముందే తెలిస్తే అరచెయ్యి సిద్ధంగా ఉంటుంది. తెలియకపోతే బంతి వేలి కొసకు తగులుతుంది. టొలీడో పిచర్ టోనీ ములేన్, తన బంతులు పట్టినవాళ్లలో వాకరే మేటి అని చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నాడు. నల్లవాడన్న అయిష్టంతో వాకర్ సైగలు చూడకుండానే విసిరేవాడినని కూడా చెప్పాడు. వాకర్ ఇక సైగలు మానేసి, వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టాడు. అలా 42 ఆటలు, .263 బ్యాటింగ్ సగటు (లెక్కకొచ్చే బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల వంతు). మా లెక్కలో ఆ సగటు కన్నా ఆ 42 బరువైనది.

1887 జులై 14న ఇంటర్నేషనల్ లీగ్ అనే బేస్‌బాల్ లీగ్ నల్లవాళ్లతో కొత్త ఒప్పందాలు వద్దని తీర్మానించింది. అప్పటికే ఆ లీగ్‌లోని నెవార్క్ జట్టులో ఉన్న వాకర్, తర్వాత సిరక్యూస్‌కు 1889 దాకా ఆడాడు.

ఒహాయోలోనే ఉన్న కాడిజ్ ఊళ్లో ఆయన ఒపేరా హౌస్ (ప్రదర్శనశాల) నడిపాడు. సినిమా రీళ్ల పనిముట్లకు 1920లో పేటెంట్లు కూడా తీసుకున్నాడు. అక్కడినుంచి 22వ నంబరు రోడ్డు మీద సుమారు పాతిక మైళ్లు వెళ్తే స్టూబెన్‌విల్. యూనియన్ శ్మశానం పెద్దది, సమాధి ఎక్కడుందో ముందే అడిగి వెళ్లడం మేలు. 1924లో పోయిన మనిషికి అరవై ఏళ్లు దాటాకే రాయి నిలిచింది, అదీ ఓబర్లిన్ వాళ్ల చొరవతో.