ఆరు నెలల నియంత

మా బాబాయ్ ఒకాయన ఉన్నాడు. "ఈ దేశానికి ఓ పదేళ్ళు నియంత పడాలి, మాకియవెల్లి ఊరికే చెప్పాడా?" అన్నాడు పొద్దున. రాత్రయినా ఆ ముక్క బుర్రలో నలుగుతూనే ఉంది.

చెప్పలేదు. ఇటలీ రాజనీతి రచయిత మాకియవెల్లి రాసిన 'ప్రిన్స్' ఒక్కటే పట్టుకుని, అదీ సగం చదివి, ఆయన్ని నియంతల గురువుని చేసేస్తారు. లివీ రాసిన రోము చరిత్ర మీద ఆయన రాసిన 'డిస్కోర్సెస్' జోలికి ఎవరూ పోరు. అందులో మొదటి భాగం 34వ అధ్యాయంలో నియంత వల్ల రోముకి మేలే జరిగిందన్నాడు, నిజమే. అయితే ఏ నియంత? ఆపద ముంచుకొచ్చినప్పుడు కాన్సల్ (ఏడాదికి ఇద్దరుండే రోము పాలకుల్లో ఒకడు) నియమించే మనిషి. ఆరు నెలలు దాటకూడదు, ఏ పనికి వేశారో ఆ పని వరకే. ఆ పనిలో ఎవర్నీ అడగక్కర్లేదు, వేసిన శిక్షకు అప్పీలు లేదు. సెనేటు (పెద్దల సభ) అధికారం, ప్రజల అధికారం, పాత కట్టుబాట్లు మాత్రం ముట్టుకోలేడు. క్రీ.పూ. 458లో పొలంలో ఉన్న సింసినాటస్‌ని పిలిచి నియంతను చేశారు. ఆల్జిడస్ కొండ దగ్గర చిక్కుకున్న సైన్యాన్ని విడిపించి, 16వ రోజున పదవి వదిలేశాడు. పదేళ్ళట!

కాబట్టి కీలకమంతా గడువులోనే ఉందని రాయబోయాను. 35వ అధ్యాయం రాయనివ్వడం లేదు. చట్టాలు రాయడానికి క్రీ.పూ. 451లో ఎన్నుకున్న పదిమందికీ గడువుంది, ఏడాది. మొదటి ఏడాదిలో పది ఫలకాల మీద చట్టాలు రాశారు, బాగానే నడిచింది. ఇంకా కొంత మిగిలిందని రెండోసారి ఎన్నిక పెడితే ఆ పదిమందిలో ఒకడైన అప్పియస్ క్లాడియస్ తనకు కావలసినవాళ్ళతో తిరిగొచ్చాడు. అంతకుముందు వంతులవారీగా ఒక్కరి ముందే 12 మంది భటులు నడిచేవారు. ఈసారి ఒక్కొక్కరికీ 12 మంది. బెత్తాల కట్టల్లో గొడ్డళ్ళు బిగించుకుని 120 మంది రోము నడిబొడ్డున ఉన్న ఫోరం మైదానం నిండా దిగారు. గడువు తీరినా పదిమందిలో ఒక్కడూ కుర్చీ వదల్లేదు. దించేవాళ్ళేరి? వీళ్ళని వేసేటప్పుడే కాన్సళ్ళనీ, సామాన్యుల తరపున నిలబడే ట్రిబ్యూన్లనీ తీసేశారు. నియంతను వేసినప్పుడైతే వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడే అధికారాలతో ఉండేవారు. ఏడాది కూడా ఎక్కువే అంటాడు మాకియవెల్లి. నాకు మాత్రం ఇప్పుడు గడువుకన్నా ఈ కాపలాయే పెద్దదిగా కనిపిస్తోంది.

కాపలా ఉన్నా సరిపోలేదు మరి. మూడో భాగం 24వ అధ్యాయం ఆ సంగతే. ఒక పట్టణం ముట్టడి ముగింపుకొచ్చింది కదా అని, దాన్ని నడుపుతున్న కాన్సల్ పబ్లిలియస్ ఫిలో అధికారాన్ని సెనేటే పొడిగించింది. అందులో దురుద్దేశం లేదు. యుద్ధాలు దూరమయ్యేకొద్దీ పొడిగించడం అలవాటైపోయింది. సేన నడపడం వచ్చినవాళ్ళు కొద్దిమందే మిగిలారు. సైనికులు సెనేటును మరిచి సేనాపతి మాటే వినసాగారు. తరవాత సైన్యబలంతో నియంతలైన సుల్లా, సీజర్ వచ్చింది ఈ దారినే. నియంత అనే పదవే లేకపోతే ఇంకో పేరు పెట్టుకుని వచ్చేవారంటాడు.

అక్కడే సింసినాటస్ మళ్ళీ కనిపిస్తాడు. జనం ట్రిబ్యూన్ల పదవి పొడిగించారని, పోటీగా సెనేటు ఆయన్ని కాన్సల్‌గా కొనసాగమంది. చెడ్డ ఆనవాయితీని తుడిచెయ్యాలి గానీ పక్కన ఇంకోటి పెట్టకూడదని ఆయన ఒప్పుకోలేదు, కొత్త కాన్సళ్ళని ఎన్నుకోమన్నాడు.