ప్రింటు కొనేముందు ఫ్రేము విప్పించండి

హైదరాబాద్ గ్యాలరీల్లో చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగ్ (యాసిడ్‌తో గీతలు చెక్కిన లోహపు రేకు మీంచి కాగితంపై తీసిన ప్రింటు) అనగానే చెయ్యి జేబులోకి పోతుంది. ఆగండి. ముందు ఫ్రేము విప్పించి, కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టమనండి. ఎచింగైతే బొమ్మ చుట్టూ రేకు నొక్కుకున్న పల్లం కనిపిస్తుంది. కింద పెన్సిల్‌తో 12/50 అని ఉంటే 50 ప్రతుల్లో 12వది. భూతద్దంలో వరసగా రంగు చుక్కలు తేలాయా, సంతకమున్నా సరే, అది అచ్చేసిన పోస్టరే. అసలుదేనని ఇచ్చే సర్టిఫికెట్ కన్నా నాకు బిల్లు మీదే నమ్మకం: చిత్రకారుడి పేరు, సంవత్సరం, సైజు, మాధ్యమం, ప్రతి నంబరు అన్నీ అందులో రాయించండి.

ఫ్రేము దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ, వెనకా పెట్టే అట్ట) మామూలుది వేస్తే కొన్నేళ్లకి కాగితం అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. యాసిడ్ ఫ్రీ మౌంటే అడగండి. అద్దం కాగితానికి ఆనితే వానాకాలం తేమకి అతుక్కుపోతుంది, బూజు పడుతుంది. మధ్యలో సందు ఉండాల్సిందే.