సంచి చిరగలేదు, పెల్లెట్లే నలిగాయి

ఎయిర్‌గన్ పెల్లెట్లు, అంటే గాలి తుపాకీలో వేసి కాల్చే చిన్న సీసపు గుళ్లు, వేసుకునే చిన్న తోలు సంచులు నేను చేత్తో కుడతాను. బెల్టుకు తగిలించుకుంటే చాలు, ప్రతి షాట్‌కీ డబ్బా మూత తిప్పే పని లేకుండా రెండు వేళ్లతో ఒక పెల్లెట్ తీసుకోవచ్చు. మొదటిది నాకోసమే కుట్టుకున్నాను. తర్వాత నాతో షూటింగ్ చేసేవాళ్లు ఒకరిద్దరు అడిగారు. ఇవ్వబోయే ముందు ఒక ప్రశ్న పట్టుకుంది: ఇది ఎన్నాళ్లు వస్తుంది? "గట్టిగానే కుట్టాను" అని చెప్పొచ్చు, కానీ అది నా నమ్మకమే. నేను చూసి చెప్పిన మాట కాదు. అందుకని ఒకేలాంటి సంచులు ఆరు కుట్టాను. ఐదింటిని పాడుచేయడానికి, ఒకదాన్ని అసలు ముట్టుకోకుండా పెట్టెలో దాచడానికి. ఆ ఆరోది లేకపోతే మిగతావి ఎంత మారాయో తెలియదు. రోజూ చేతిలో ఉండే వస్తువు మెల్లగా పాడవుతుంటే కంటికి ఆనదు.

సంచి తయారీ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే తర్వాత తేలిన తప్పులన్నీ ఇక్కడే ఉన్నాయి. చెట్ల బెరడుతో శుద్ధి చేసిన తోలు, మందం మిల్లీమీటరున్నర. నున్నటి వైపు బయటికి, గరుకు వైపు లోపలికి. అడుగున రెండు ముక్కలు కలిసేచోట నేరుగా ఒక కుట్టు. మూతకు అయస్కాంతం. పెల్లెట్లు సీసంవి కాబట్టి అయస్కాంతానికి అతుక్కోవు, ఆ ఇబ్బంది లేదు. దారం మైనం పట్టించిన పాలిస్టర్, 0.8 మిల్లీమీటర్లు. కుట్టుకూ కుట్టుకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందని నా లెక్క.

కుట్టు మాత్రం రెండు సూదులతో వేసేది. ఒకే దారం రెండు కొసలకూ రెండు సూదులు కట్టి, ప్రతి రంధ్రంలోంచీ రెండింటినీ ఎదురెదురుగా లాగుతాను. మిషన్ కుట్టులో పైదారం, కిందదారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే అక్కడినుంచి వరసగా వదులవుతూ పోతుంది. రెండు సూదుల కుట్టులో ఒక వైపు తెగినా రెండో వైపు దారం ఆ రంధ్రాన్ని పట్టుకునే ఉంటుంది. దీన్ని కూడా నమ్మకానికి వదలకుండా ఒక సంచి పక్క కుట్టును బ్లేడుతో ఒకచోట కోసేసి, అలాగే వాడి చూశాను. మిగతా పరీక్షలన్నీ అయ్యేసరికి ఆ పక్కనున్న రెండు కుట్లు కొద్దిగా సడలాయి, అంతే.

మొదటి పరీక్ష మూతది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మ్యాచ్‌లో 60 షాట్లు ఉంటాయి. షాట్‌కోసారి మూత తెరిస్తే 50 మ్యాచ్‌లకు 3,000 సార్లు. రోజుకు 300 చొప్పున పది రోజులు తెరిచి మూశాను. మడత దగ్గర తోలు రంగు తేలింది, చిన్న గీతలు పడ్డాయి కానీ పగలలేదు. రెండు వేల దాటాక కొద్దిగా తేనెమైనం రాశాను, తర్వాత గీతలు పెరగలేదు. ఇంతకుమించి దీని గురించి చెప్పడానికేమీ లేదు.

రెండోది పడేసే పరీక్ష. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ ఒక్కోటి సుమారు అర గ్రాము బరువుంటుంది. 500 వేస్తే పావుకిలో దాటుతుంది. అరచేతిలో పట్టే సంచికి అది చిన్న బరువేమీ కాదు. నడుము ఎత్తునుంచి, అంటే సుమారు మీటరు ఎత్తునుంచి, సిమెంటు నేల మీద వందసార్లు వదిలాను. ఎనభై దాటాక బెల్టు తగిలించే పట్టీ మొదట్లో తోలు చిరిగింది. దారం తెగలేదు! రంధ్రాల వరుస వెంబడి తోలే చిరిగింది, పోస్టు స్టాంపులు చింపినట్టు. దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడిచి నేనే తోలును బలహీనం చేశానన్నమాట. ఆ రోజు చాలాసేపు ఆ చిరుగునే చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ నేను గర్వంగా చూపించుకున్న సన్నటి కుట్టే లోపమని తెలియడం అంత తేలికగా మింగుడుపడలేదు. తర్వాతి సంచుల్లో కుట్ల మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లకు పెంచాను. పట్టీ చివర రెండు కుట్లు వెనక్కి వేసి, బరువు ఒక్క రంధ్రం మీదే పడకుండా కుట్టును పెట్టె ఆకారంలో తిప్పాను. అదే పరీక్షలో ఆ పట్టీ వందకు వందసార్లూ నిలిచింది.

అసలు కష్టం మూడో పరీక్షది. నడిచేటప్పుడు సంచి గంటల తరబడి ఊగుతుంది. ఫీల్డ్ టార్గెట్ (ఆరుబయట జరిగే ఎయిర్‌గన్ పోటీ) ఆడేవాళ్లయితే కాల్చే చోటు, అంటే ఒక లేన్, నుంచి ఇంకో లేన్‌కు నడుస్తూ, కూర్చుంటూ, లేస్తూ ఉంటారు. నేను ఒక్కదాన్నే నడిచి పరీక్షించాలంటే నెలలు పడుతుంది. అప్పుడు కాలితో తొక్కే నా పాత కుట్టుమిషన్ గుర్తొచ్చింది. బెల్టు తీసేసి పెడల్ ముందు అంచుకు సంచిని గట్టిగా కట్టాను. ఒక్కో తొక్కుకూ సంచి ఒకసారి లేచి పడుతుంది. సెకనుకు ఒకటి చొప్పున తొక్కితే అరగంటకు 1,800. రోజూ అరగంట, పదిహేను రోజులు. మోకాళ్లు నొప్పి పుట్టాయి కానీ లెక్క మాత్రం పక్కాగా వచ్చింది.

పదిహేనో రోజు సంచి విప్పి చూస్తే లోపలి తోలు బూడిదరంగులోకి తిరిగింది. సీసం మెత్తటి లోహం, దేనికి రాసుకున్నా పెన్సిల్ గీసినట్టు మరక వదులుతుంది. ఆ మరకలే నాకు పటంలా పనికొచ్చాయి. ఎక్కడ నల్లగా ఉంటే అక్కడ పెల్లెట్లు ఎక్కువ రాసుకున్నట్టు. అడుగు కుట్టు వెంబడి, రెండు మూలల్లో బాగా నలుపు. మధ్యలో దాదాపు ఏమీ లేదు. కుట్లు ఒక్కటీ తెగలేదు, తోలు అరగలేదు. సంచి నెగ్గిందని సంతోషంగా దాన్ని షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లి, నా పక్క లేన్‌లో ప్రాక్టీస్ చేసే అమ్మాయికి చూపించాను.

ఆ అమ్మాయి సంచి మెచ్చుకుంది. లోపలినుంచి నాలుగు పెల్లెట్లు అరచేతిలో పోసుకుని కాసేపు తిప్పి చూసింది.

"అక్కా, సంచి బాగానే ఉంది. ఈ పెల్లెట్లు చూశారా? వీటి అంచులు నొక్కుకుపోయాయి. వీటితో నేనైతే కాల్చను."

నిజంగానే నేను చూడలేదు. పదిహేను రోజులు సంచినే చూశాను. పెల్లెట్లు నాకు బరువు కోసం వేసిన రాళ్లతో సమానమయ్యాయి.

పెల్లెట్‌కు ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక గుల్లగా ఉండే అంచు ఉంటాయి. ఆ వెనక అంచు చాలా పల్చన. కాల్చినప్పుడు వెనకనుంచి వచ్చే గాలి ఒత్తిడికి అది విచ్చుకుని బ్యారెల్ (తుపాకీ గొట్టం) లోపలి గోడకు, అక్కడున్న గాడులకు అదుముకుంటుంది. గాలి పక్కల నుంచి తప్పించుకోకుండా ఆపేది, పెల్లెట్ తిరగడానికి పట్టునిచ్చేది అదే. ఒక పక్క నొక్కుకుపోయిన అంచుతో పెల్లెట్ ఒకేలా ప్రయాణించదు. ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద పదో నంబరు చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అంత సన్నటి లెక్కలో నలిగిన పెల్లెట్‌కు చోటు లేదు. ఇది నాకు తెలియని విషయం కాదు. తెలిసి కూడా సంచి పరీక్షలోకి తీసుకురాలేదు.

ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పరీక్షించాల్సింది రెండు: సంచి ఎంతకాలం నిలుస్తుంది, అందులో పెల్లెట్ ఎంతకాలం పెల్లెట్‌లా ఉంటుంది. కొత్త డబ్బాలోంచి వంద పెల్లెట్లు తీసి ఒక్కోదాన్నీ భూతద్దంతో చూసి, మంచివే సంచిలో వేశాను. కొలవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. కిటికీ అద్దం ముక్కను సమంగా పెట్టి, ఒక కొసను కొద్దిగా ఎత్తి, పెల్లెట్‌ను దొర్లించాలి. తల, వెనక అంచు వ్యాసాల్లో కొంచెం తేడా ఉంటుంది కాబట్టి అది నేరుగా పోకుండా వంపు తిరుగుతూ పోతుంది. మంచి పెల్లెట్లన్నీ దాదాపు ఒకే వంపులో దొర్లుతాయి. నొక్కుపడ్డది తడబడుతూ, ఎగురుతున్నట్టు పోతుంది. చూడగానే తెలిసిపోతుంది.

పాత తీరు సంచిలో వంద పెల్లెట్లు వేసి, పెడల్‌కు కట్టి, రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు తొక్కాక వందలో 23 తడబడ్డాయి. సంచి మీద మాత్రం గీత కూడా లేదు.

కారణాలు వెతకడానికి ఒక్కోసారి ఒక్కటే మార్చాను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా. ముందు అడుగు కుట్టు తీసేశాను. అడుగు, వెనక భాగం ఒకే ముక్కగా గుండ్రంగా వంచి, కుట్లు పక్కలకు మాత్రమే వేశాను. నలుపు మరకలు చూపించిన మూలలు పోయాయి, అక్కడ ఇరుక్కుని పైవాటి దెబ్బలు తినే పెల్లెట్లు కూడా పోయాయి. తడబడేవి 23 నుంచి 11కి వచ్చాయి. తర్వాత తోలును తిప్పి, నున్నటి వైపు లోపలికి పెట్టాను. దీనితో నొక్కులు పెద్దగా తగ్గలేదు, కానీ ఇంకో సంగతి తేలింది. అంతకుముందు గరుకు వైపునుంచి సన్నటి నూగు రాలి, కొద్దిగా నూనె తడి ఉన్న పెల్లెట్లకు అంటుకునేది. అదంతా బ్యారెల్‌లోకి పోయేది. నున్నటి వైపు పెట్టాక పెల్లెట్లు శుభ్రంగా వచ్చాయి. పైగా లోపల చేరిన సీసం మురికిని తడిబట్టతో తుడిచేయడం సులువైంది.

మూడో మార్పే నన్ను ఆశ్చర్యపరిచింది. సంచిని చిన్నది చేశాను, అంతే. 500 పట్టే సంచిలో వంద వేస్తే అవి గిలక్కాయలో గింజల్లా ఎగిరి పడతాయి. పోనీ 500 నింపి పడేస్తే పైన ఉన్న బరువంతా అడుగువాటి మీద పడుతుంది. రెండు విధాలా నష్టమే. నూట యాభై పట్టేలా, పక్కలు మడతలుగా కుట్టాను. పెల్లెట్లు తగ్గేకొద్దీ సంచి కూడా చదునుగా కుంగుతుంది, లోపల ఖాళీ మిగలదు. ఐదు రోజుల తొక్కుడు తర్వాత వందలో మూడే తడబడ్డాయి. ఆ మూడూ మొదటినుంచీ కొంచెం అనుమానంగా ఉన్నవేనేమో అని ఇంకో వందతో మళ్లీ చేశాను. ఈసారి నాలుగు.

తడి పరీక్ష క్లుప్తంగా చెబుతాను. ఉప్పు కలిపిన నీళ్లలో, చెమట అనుకుని, సంచిని తడిపి నీడలో ఆరబెట్టడం పదిసార్లు చేశాను. నీడలో ఆరినది కొద్దిగా బిగుసుకుంది, మైనం రాస్తే మెత్తబడింది. ఒక్కదాన్ని తొందరపడి ఎండలో పెట్టాను, అది చెక్కలా గట్టిపడి మడత దగ్గర పగిలింది. మళ్లీ దారికి రాలేదు.

నిల్వ పరీక్ష మాత్రం కచ్చితంగా చెప్పాలి. కొత్త తోలు సంచిలో పెల్లెట్లు వేసి, మూతబెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో రెండు నెలలు వదిలేశాను. తీసి చూస్తే కొన్నిటి మీద తెల్లటి పొడి తేలింది. తోలు, చెక్క లాంటి వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటుంది. గాలి ఆడకపోతే, చెమ్మ ఉంటే ఇంకా త్వరగా. ఆ తెల్లపొడి కూడా సీసమే, విషమే. అందుకే సంచి తీసుకునేవాళ్లకు ఇప్పుడు ఒక మాట తప్పకుండా చెబుతున్నాను: ఆ రోజుకు కావలసినన్నే వేసుకోండి, మిగిలినవి సాయంత్రం తిరిగి డబ్బాలో పోయండి.

సీసం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మొదట్లో పెడల్ పరీక్ష ఇంట్లో గది మధ్యలో చేశాను. సంచిని బోర్లించి దులిపినప్పుడు బూడిదరంగు పొడి నేలమీద పడటం చూశాక భయమేసింది. మర్నాడే మిషన్‌ను బయటికి మార్చి, కింద పాత కాగితాలు పరిచి, చేతికి గ్లవ్స్ వేసుకున్నాను. పొడిని ఊడ్చకుండా తడిబట్టతో తీస్తున్నాను, పని అయ్యాక చేతులు సబ్బుతో బాగా కడుగుతున్నాను. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇలాంటి పరీక్షలు లోపల అసలు పెట్టుకోవద్దు. సీసం పిల్లల మెదడుకు చేసే హాని తిరిగి బాగయ్యేది కాదు.

చివరి తీరు సంచి ఒకటి ఆ అమ్మాయికి ఇచ్చాను. పెడల్ మీద వచ్చిన లెక్క మనిషి నడుము మీద కూడా వస్తుందో లేదో చూడాలి కదా. వారానికోసారి సంచిలోంచి పది పెల్లెట్లు తీసి అద్దం మీద దొర్లించి, ఎన్ని తడబడ్డాయో నాకు చెబుతుంది. నాలుగు వారాలు సున్నా. ఐదో వారం ఒకటి. ఆ ఒక్కదాన్ని కాగితంలో చుట్టి తెచ్చిచ్చింది. అంచు మీద కాకుండా తల మీద సన్నటి గీత ఉంది. మూత అయస్కాంతం పైనున్న తోలు ఒక మూల అరిగి, లోహపు అంచు కొద్దిగా బయటికి వచ్చిందని సంచి చూశాక తెలిసింది. మూడు వేలసార్లు మూత తెరిచి మూసినప్పుడు సంచి ఖాళీగా ఉంది. ఈసారి పెల్లెట్లు వేసే చేస్తున్నాను. ఇవాళ్టికి 900 అయింది.