చెరువు గట్టు నుంచి అమెరికా రేవు దాకా: గోదావరి డెల్టాలో మూడు రోజులు

2025 సెప్టెంబరు రెండో వారంలో ఒక రాత్రి హైదరాబాదులో నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు ఉదయం ఆకివీడులో దిగాను. కైకలూరు దాటినప్పటి నుంచి రైలుకు రెండు వైపులా చెరువులే. వరిచేలు మధ్యమధ్యలో పచ్చని పట్టీల్లా కనిపించి మాయమవుతున్నాయి. అప్పటికి పదిహేను రోజుల కిందట, ఆగస్టు 27న, భారతదేశం నుంచి వెళ్లే సరుకులపై అమెరికా విధించిన సుంకం 50 శాతానికి చేరింది. ఆ వార్త పత్రికల మొదటి పేజీల్లో కరెన్సీ మారకం గురించీ దౌత్యం గురించీ చర్చగా సాగుతుండగా, ఈ చెరువుల గట్ల మీద మాత్రం ఒకే ఒక్క మాటగా వినబడుతోంది: రేటు పడిపోయింది.

నేను చాలా ఏళ్లు డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధించాను. ఉద్యోగ విరమణ తరువాత ఇద్దరు యువ మిత్రులతో కలిసి, అంతర్జాతీయ వాణిజ్యం మన ఊళ్లలోకి ఎలా వస్తుందో, ఎవరి ఇంటికి ఏం తెస్తుందో గ్రామాల్లో మాట్లాడి వస్తున్నాను. మొదట్లో నా పద్ధతి పొరపాటుగా ఉండేది. 1994లో మరాకేష్‌లో జరిగిన సంతకాలు, 1995 జనవరి 1న మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ, వ్యవసాయ ఒప్పందం, సబ్సిడీల వర్గీకరణ, ఇలా పై నుంచి కిందికి చెప్పుకుంటూ వచ్చేవాణ్ణి. రైతులు మర్యాదగా విని, టీ తాగి, తమకు సంబంధం లేని సంగతి విన్నట్టు వెళ్లిపోయేవారు. ఈసారి ఎవరి చేతికి ఏ ధర అందుతోందో అక్కడ మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టూ పైకి ఎక్కాలని నిర్ణయించుకున్నాను.

ఆకివీడుకు కొంత దూరంలో ఉన్న ఒక గ్రామంలో, ఐదెకరాలు కౌలుకు తీసుకుని వనామీ అనే రకం రొయ్య సాగు చేస్తున్న ఒక రైతు మమ్మల్ని తన చెరువు దగ్గరకు తీసుకువెళ్లారు. నీటికి గాలి అందించే ఏరియేటర్ల చక్రాలు నీటిని చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆయన గట్టు మీద నుంచి తాడు లాగి, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి తీశారు. వల గుడ్డ మీద పదిహేనూ ఇరవై రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. వాటి మధ్య తినకుండా మిగిలిన మేత గుళికలు కొన్ని ఉన్నాయి. ఆయన ఒక రొయ్యను వెలుగుకు ఎదురుగా పట్టి, పేగులో నల్లటి గీత తెగకుండా ఉందో లేదో చూశారు. పేగు నిండుగా ఉంటే రొయ్య మేత తింటున్నట్టు. మిగిలిన గుళికలను వేలితో పక్కకు జరిపి, "పూటకు రెండు కిలోలు తగ్గించాలండి, వృథా అయితే మేత డబ్బులే పోతాయి కదండీ," అన్నారు.

ఈ రొయ్యకు ధర దాని కౌంటును బట్టి వస్తుంది. కిలోకు నూరు తూగితే 100 కౌంట్, అంటే ఒక్కొక్కటి పది గ్రాములు. ముప్పై తూగితే 30 కౌంట్, ఒక్కొక్కటి సుమారు ముప్పై మూడు గ్రాములు. కౌంట్ తగ్గే కొద్దీ కిలో ధర పెరుగుతుంది, కాని అంత పెద్దవిగా పెంచడానికి మరిన్ని రోజులు కావాలి, మరింత మేత కావాలి, వైరస్ ముప్పును మరింత కాలం భరించాలి. సుంకం వార్త వచ్చిన తరువాత అన్నిటికంటే ఎక్కువగా పడింది పెద్ద రొయ్య రేటేనని, అవి ఎక్కువగా అమెరికాకే వెళ్తాయని ఇక్కడి రైతులు చెప్పారు. అందుకే ఇంకా పెంచుదామా, ఇప్పుడే పట్టేద్దామా అన్న మీమాంస ప్రతి గట్టు మీదా కనిపించింది. వాషింగ్టన్‌లో తీసుకున్న ఒక నిర్ణయం ఒక మనిషి రాత్రి నిద్రను ఎలా తినేస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకలేదు.

ఆ రాత్రి రామాలయం అరుగు మీద ముప్పై మందికి పైగా కూడారు. మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న. "మాస్టారండీ, ఆ పన్ను కట్టేది మనమా, వాళ్లా?" చాలామంది తాము కడుతున్నామనే అనుకుంటున్నారు, కొందరు కంపెనీలు కడుతున్నాయని అనుకుంటున్నారు. చట్టప్రకారం చూస్తే కట్టేది అమెరికాలో ఆ సరుకు దించుకునే దిగుమతిదారు. ఆ మాట చెప్పగానే వెనక నుంచి ఒకరు, "మరి మా రేటు ఎందుకు పడిందండీ?" అని అడిగారు. ఆయన అడిగిన దానిలోనే పాఠమంతా ఉంది.

గోడ మీద సుద్దతో లెక్క వేశాము. అమెరికా రేవులో నూరు రూపాయల మన రొయ్య దిగింది అనుకుందాం. అప్పటి 50 శాతం సుంకంతో అది 150 అవుతుంది. దీనిపైన, సరుకును అన్యాయమైన చవక ధరకు అమ్ముతున్నారంటూ వేసే యాంటీ డంపింగ్ సుంకమూ, 2024 చివర్లో వచ్చిన 5.77 శాతం సబ్సిడీ వ్యతిరేక సుంకమూ వేరే ఉన్నాయి. లెక్క తేలికగా ఉండటానికి వాటిని పక్కన పెట్టాము. అదే రేవులో ఈక్వడార్ రొయ్య కూడా దిగుతుంది. దానికి అప్పటి సుంకం 15 శాతమే, కనుక నూరు రూపాయల సరుకు 115 అవుతుంది, పైగా ఆ దేశం అమెరికాకు మనకంటే ఎంతో దగ్గర. కొనేవాడికి రెండూ ఒకటే రొయ్య. మన రొయ్య కూడా 115కే పడాలంటే, సుంకానికి ముందు దాని ధర సుమారు 77 రూపాయలకు దిగాలి. ఆ 23 రూపాయలు ఎవరు వదులుకోవాలి? ప్రాసెసింగ్ ప్లాంటు కరెంటు బిల్లు తగ్గదు, ఐసు ధర తగ్గదు, ఓడ కిరాయి తగ్గదు. దిగుమతిదారు ఎగుమతిదారును అడుగుతాడు, ఎగుమతిదారు ఏజెంటును అడుగుతాడు, ఏజెంటు చెరువు దగ్గరకు వస్తాడు. అక్కడి నుంచి అడగడానికి రైతుకు ఇంకెవరూ లేరు. మేత అప్పు ఇచ్చిన డీలరు ఒక్క రూపాయి తగ్గించడు. సుద్ద పట్టుకున్న మా యువ మిత్రురాలు ఆ బాణాలన్నిటినీ ఒకదాని కింద ఒకటి గీసి చివర చెరువు బొమ్మ వేసినప్పుడు, అరుగు మీద కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ తరువాత జరిగిన చర్చలో అందరికంటే ఎక్కువ మాట్లాడింది డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన. వనామీకి ముందు పెంచిన టైగర్ రొయ్య రోజుల నుంచి ఆయన ఈ సాగులో ఉన్నారు. 1990ల నడిమిలో తెల్లమచ్చ వైరస్‌తో చెరువులు చెరువులే తుడిచిపెట్టుకుపోయిన కాలాన్ని చూశారు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్లీ నిలదొక్కుకున్నారు. అమెరికా సుంకం ఇది మొదటిది కాదని నేను చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోయారు. అక్కడి దక్షిణ తీర రాష్ట్రాల రొయ్యల వేటగాళ్లు 2003 చివరి రోజున ఫిర్యాదు చేస్తే, 2005 ఫిబ్రవరిలో భారత్ సహా ఆరు దేశాల రొయ్యలపై యాంటీ డంపింగ్ సుంకం వచ్చింది. దానికి తోడు సుంకానికి హామీగా దిగుమతిదారులు భారీ బాండ్లు కట్టాలన్న షరతు పెట్టగా, మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి, ఆ బాండ్ల విషయంలో 2008లో నెగ్గింది. "మన తరఫున కేసు గెలిచారని ఇన్నేళ్లలో మాకు ఒక్కరూ చెప్పలేదండి," అన్నారాయన. ఆయన గొంతులో కోపం లేదు, కాని నాకు సిగ్గనిపించింది. అదే కేసు ఇప్పుడు వేస్తే ఏమవుతుందని ఒక యువకుడు అడిగాడు. ఆ సంస్థలో అప్పీలు వినే మండలికి సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదని, గెలిచినా తీర్పు అప్పీలులోనే ఆగిపోవచ్చని చెప్పాను. గోడ మీది బాణాల పక్కన అతను ఒక ప్రశ్నార్థకం గీశాడు.

ఇక్కడ ఒక విషయంలో నేను గట్టిగా వాదించవలసి వచ్చింది. అమెరికా దక్షిణ తీరంలోని లూసియానా రొయ్యల వేటగాళ్లు మన శత్రువులన్నట్టు కొందరు మాట్లాడారు. చెరువుల్లో పెంచిన చవక రొయ్య వెల్లువలా రావడంతో సముద్రంలో వల వేసి బతికే వాళ్ల ధర కూడా కూలిపోయిందని, వాళ్లు కూడా మన మత్స్యకారుల్లాంటి చిన్న పడవల వాళ్లేనని చెప్పాను. అలాగే, యూరప్ వాళ్లు 2016 నుంచి మన సరుకులో సగానికి సగం మందుల అవశేషాల కోసం పరీక్షించడం కేవలం సాకు అనే మాటను కూడా నేను ఒప్పుకోలేదు. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ వంటి మందులు రొయ్యల సాగులో మన దేశంలోనూ నిషిద్ధమే. ఎవరో ఒకరు వాడితే ఆ కంటెయినర్ వెనక్కి వస్తుంది, ఆ నష్టం వాడని వారి రేటు మీద కూడా పడుతుంది. వాణిజ్యం గురించి ఊళ్లో మాట్లాడటమంటే ఊరికి నచ్చేది మాత్రమే మాట్లాడటం కాదని నా నమ్మకం.

దేశం 2024-25లో ఎగుమతి చేసిన ఘనీభవించిన రొయ్య సుమారు 7 లక్షల 41 వేల టన్నులు. అందులో 3 లక్షల 11 వేల టన్నులకు పైగా అమెరికా ఒక్కటే కొన్నది. ఈ అంకెలు రాసినప్పుడు రైతులే తమంతట తాము "అన్నీ ఒకే బుట్టలో పెట్టాం" అన్నారు. జులైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం అమలులోకి వస్తే అక్కడ రొయ్యలపై సుంకం ఉండదని చెప్పాను కాని, అది అమెరికా అంత పెద్ద బజారు కాదని కూడా చెప్పాను.

మర్నాడు భీమవరం దగ్గర ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసే కొందరు స్త్రీలను వాళ్ల పేటలో కలిశాము. వాళ్లకు సుంకం మాట తెలియదు. సరుకు తక్కువగా వస్తోందని, వారానికి పని దినాలు తగ్గాయని తెలుసు. రైతులు క్రాప్ హాలిడే (కొంతకాలం సాగు ఆపేయడం) అంటే మొదట ఖాళీ అయ్యేది తమ చేతులేనని ఒకామె అన్నది. చల్లని నీటిలో గంటల కొద్దీ తల తీసీ తొక్క తీసీ పగిలిన వేళ్లను మాటల మధ్య చీర కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

మూడో రోజు నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే వారి దగ్గర గడిపాను. క్రైస్తవ మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన ఈ అల్లిక అప్పటి నుంచే విదేశాలకు వెళ్తోంది. ప్రపంచీకరణ అన్న మాట పుట్టక ముందే ఈ ఇళ్ల అరుగులు ప్రపంచ బజారులో ఉన్నాయన్న మాట. 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి, రోజంతా అల్లుతున్న ఈ స్త్రీలను కూలీలుగా కాక ఖాళీ సమయంలో కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే వాళ్ల కూలి అంత తక్కువగా నిలిచిపోయిందని చూపించారు. సుమారు యాభై ఏళ్ల తరువాత కూడా నేను కలిసిన పదకొండు మందిలో ఒక్కరికీ తమ పని ఏ దేశానికి పోతుందో తెలియదు. నూలు తెచ్చేదీ, అల్లినది తీసుకుపోయేదీ ఏజెంటే.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన దేశంగా మనం 1999లో చేసుకున్న చట్టం కింద వచ్చిన గుర్తింపు ఇది; యంత్రం మీద తయారైన చైనా లేసు ఈ పేరుతో అమ్ముడుపోకుండా ఆపే హక్కు దీనితో వస్తుంది. నేను ఇది వివరిస్తుంటే, ఒడిలో సగం అల్లిన పువ్వు పెట్టుకున్న ఒక నడివయసు స్త్రీ సూది ఆపి, "ఆ పేరు ఎవరి దగ్గర ఉంటదండీ?" అని అడిగింది. నమోదు చేసుకున్న సంఘం దగ్గర అన్నాను. సొంతంగా అల్లే మనిషి కూడా అధీకృత వాడుకరిగా పేరు రాయించుకోవచ్చని చెప్పాను. ఆమె తన అల్లికను నా చేతిలో పెట్టింది. అరచేయంత పువ్వు, అల్లడానికి దాదాపు పూటంతా పట్టిందట. "దరఖాస్తు కాయితం తెచ్చి పెట్టండి మాస్టారూ. దాంతోపాటు, ఇలాంటిది అక్కడ కొట్లో ఎంతకి అమ్ముతున్నారో అది కూడా కనుక్కుని రండి," అంది.

సాయంత్రం నరసాపురం స్టేషనులో తిరుగు రైలు కోసం కూర్చున్నప్పుడు మా ఇద్దరు మిత్రులూ ఫోనులో విదేశీ దుకాణాల ధరలు వెతకడం మొదలుపెట్టారు. దరఖాస్తు పని నేను తీసుకున్నాను. అక్టోబరులో మళ్లీ వస్తామని ఆమెకు మాట ఇచ్చి వచ్చాము.