నాడి దొరకలేదన్నది నిజమే

ఎక్మో అంటే గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయటినుంచి చేసే మిషన్; ఆ మాట మన ఇళ్లలోకి చావు కబుర్లతోనే వచ్చింది. 2016 డిసెంబరులో జయలలితకు పెట్టారన్నారు, మర్నాడు రాత్రికే ఆమె లేరు. 2020లో బాలుగారికి పెట్టారన్నారు, వారాల తరబడి టీవీ ముందు కూర్చుని బులెటిన్లు విన్నాం, సెప్టెంబరు 25న ఆయనా వెళ్లిపోయారు. అందుకే హైదరాబాద్‌లో డాక్టరు మా ఆయన్ని పక్కకు పిలిచి "ఎక్మో మీద పెట్టాలి, సంతకం చేయండి" అనగానే మావాళ్లంతా ఆశ వదిలేసుకున్నారు. మా అత్తయ్య అయితే ఖమ్మానికి ఫోన్ చేసి బాబుని తీసుకురమ్మంది, చివరిచూపు దక్కాలి కదా అని.

నాది బాలుగారి కేసు కాదని ఆ రాత్రి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆయనది కోవిడ్, దెబ్బతిన్నది ఊపిరితిత్తులు. నాది గుండె. వైరల్ జ్వరం తగ్గీ తగ్గకముందే గుండె కండరం వాచిపోయింది. మయోకార్డైటిస్ అంటారు.

దాన్ని ముందు గ్యాస్ అన్నారు. మా ఊళ్లో నేను వెళ్లిన మొదటి డాక్టరు ముఖం కూడా ఎత్తకుండా "టీచర్లు టైముకి తినరు కదమ్మా, గ్యాస్" అని ఇంజెక్షన్ రాసేశాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు సార్, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చున్నాను అని చెప్పాను. "టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. ఈసీజీ తీసే మిషన్ ఆయన టేబుల్ పక్కనే ఉంది, దానిమీద క్యాలెండర్లు పెట్టుకున్నాడు. ఆ క్యాలెండర్లు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి.

తర్వాతంతా తొందరతొందరగా జరిగిపోయింది. చేతులు చల్లబడ్డాయి, చెమటలు పట్టాయి, పై బీపీ 70కి పడింది. అంబులెన్స్ సూర్యాపేట దాటిందని తెలుసు, ఆపైన సరిగా గుర్తులేదు. హైదరాబాద్‌లో ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తే గుండె పంపింగ్ 15 శాతం లోపే ఉందట. మామూలుగా 55 పైన ఉండాలి. బీపీ పెంచే మందులు ఎన్ని ఎక్కించినా కిడ్నీలకు రక్తం చేరడం లేదు. కార్డియోజెనిక్ షాక్ అంటే అదే, గుండె నెట్టలేకపోతే ఒక్కో అవయవం మూతపడుతూ పోతుంది.

ఎక్మో చేసేది ఇంతే. తొడ దగ్గరి పెద్ద సిరలోంచి నల్లబడిన రక్తాన్ని లాగి, దానికి ఆక్సిజన్ ఎక్కించి, ఎర్రగా మార్చి ధమనిలోకి నెడుతుంది. నిమిషానికి మూడు నాలుగు లీటర్ల దాకా. గుండె ఆగి ఆగి కొడుతుంది, ఈ పంపు మాత్రం కుళాయి ధారలా ఒకే తీరుగా నెడుతూ ఉంటుంది. రక్తం లాగే గొట్టం ఒక కాల్లోంచి, నెట్టే గొట్టం రెండో కాల్లోంచి వేశారు. మెడికల్ భాషలో ఇదంతా "సపోర్ట్". నాకు మాత్రం రెండు కాళ్లూ మంచానికి మేకులు కొట్టినట్టే ఉండేది.

ఇక పెదనాన్న సంగతి. ఆయన పాతికేళ్లకు పైగా కాంపౌండరుగా చేశారు. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయనే మణికట్టు పట్టుకుని చూడాలి. లోపలికి ఒక్కరినే పంపుతారు, కానీ ఆ రాత్రి సెక్యూరిటీని బతిమాలి మా ఆయన వెనకాలే ఆయనా వచ్చారు. అప్పుడే నాకు మత్తు కాస్త తగ్గించారు. నోట్లో గొట్టం, చేతులకు గుడ్డ కట్లు, రెప్పలు ఎత్తలేను. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. పెదనాన్న నా చెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ్లు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒక చెయ్యి చూశారు, రెండోదీ చూశారు.

"అల్లుడూ, నాడి లేదయ్యా. నాకు చెప్పేదేంటి వీళ్లు? పోయినదానికి మిషన్ తిప్పుతూ బిల్లు వేస్తున్నారు."

సినిమాల్లో చూశాం కదా అందరం, శవానికి వైద్యం చేసి లక్షలు గుంజడం. ఆ అనుమానం మనవాళ్లలో ఎంత గట్టిగా నాటుకుందో ఆ మంచం మీద నాకు తెలిసింది. మా ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు, ఆ మౌనానికి ఇంకా భయపడ్డాను. వాళ్లు వెళ్లాక నా గుండె చప్పుడు కోసం వెతుక్కున్నాను. దిండుకు చెవి ఆనితే వినపడుతుంది కదా, అదీ లేదు. మిషన్ రొద ఒక్కటే ఉంది. హైస్కూల్లో పిల్లలకు బయాలజీ చెప్పేదాన్ని, గుండె కొట్టుకోకపోతే మనిషి లేనట్టే అని నేనే చెప్పాను. నేను పోయాను, వీళ్లకు ఇంకా తెలియలేదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

అంతలో కుడికాలు పిక్క పట్టేసింది. చల్లగా మొదలై కత్తితో కోస్తున్నంత నొప్పి. నైట్ డ్యూటీ సిస్టర్ కేరళ అమ్మాయి. దుప్పటి తీసి, పాదం వేలు నొక్కి చూసి, జెల్ రాసి, రక్తం పారే శబ్దం వినిపించే డాప్లర్ పెట్టింది. ఎక్కడా శబ్దం రాలేదు. ధమనిలో లావుపాటి గొట్టం ఉంటే కాలికి రక్తం ఆగిపోతుందని కిందికి ఇంకో సన్నగొట్టం వేస్తారు, అది మడతపడింది. సర్జన్‌ని నిద్రలేపి రప్పించింది. ఇంకో గంట ఆలస్యమైతే కాలు పోయేదేమో. సరిచేశాక డాప్లర్‌లో హోరుమని ఆగని శబ్దం. నా కళ్లు తుడుస్తూ వచ్చీరాని తెలుగులో చెప్పింది: "అక్కా, పెద్దాయన అన్నది నేను విన్నాను. గుండెకి ఈ మిషన్ పెడితే చాలామందికి పల్స్ దొరకదు. భయం లేదు. నొప్పి ఉంది కదా? మంచిది."

అంటే పెదనాన్న చెప్పింది నిజమే. నాడి లేదు. మానిటర్ మీద బీపీ గీత కూడా తిన్నగా పోతోంది. తెలియకపోవడం తప్పని నేను అనను. బతికున్న మనిషి చెవిదగ్గర ఆ మాట అనడమే నేను మరిచిపోలేను. అంతకంటే కోపం ఆ పెద్ద డాక్టరు మీద. లక్షల బిల్లుకు సంతకం పెట్టించుకున్న మనిషి, "చెయ్యి పట్టుకుంటే నాడి దొరకదు, కంగారుపడకండి" అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే మా ఆయన ఆ రాత్రి మెట్ల మీద కూర్చుని మిషన్ తీయించేద్దామా అని ఆలోచించేవాడా? తర్వాత చెకప్‌లో ఈ మాట అడిగేశాను. "చెప్పాల్సిందేనమ్మా" అన్నారు, తల దించుకునే. ఆయనే నన్ను బతికించారు కూడా. ఈ రెంటినీ ఎలా కలిపి చూడాలో నాకింకా తెలియడం లేదు.

తర్వాత మానిటర్ మీద తిన్నటి గీతలో చిన్న చిన్న గుట్టలు లేచాయి. గుండె మళ్లీ నెడుతోందన్నమాట. కుడిచేతికే ఎందుకు బీపీ లైన్ వేశారంటే, గుండె సొంతంగా పంపే రక్తం ముందు అటే చేరుతుందట. మిషన్ వేగం లీటరున్నర దాకా తగ్గించి, ఎకో చూసి, చివరికి తీసేశారు. కుడికాలి వేళ్లకు ఇప్పటికీ స్పర్శ సగమే. నడుస్తున్నాను, చాలు.

కోలుకున్నాక చదివితే తెలిసింది, ఇది అందరికీ పనిచేసేది కాదు. హార్ట్ ఎటాక్‌తో షాక్‌లోకి వెళ్లినవాళ్లందరికీ ముందే ఎక్మో పెట్టి చూస్తే చావులేమీ తగ్గలేదని, రక్తస్రావం, కాళ్ల సమస్యలు మాత్రం పెరిగాయని 2023లో వచ్చిన జర్మనీ వాళ్ల అధ్యయనం తేల్చింది. గుండెలోపల పెట్టే ఇంపెల్లా అనే చిన్న పంపుతో, ఎంచి తీసుకున్న ఎటాక్ కేసుల్లో, ఆరు నెలల్లో చావులు 58.5 శాతం నుంచి 45.8కి తగ్గాయని 2024లో ఇంకో అధ్యయనం చెప్పింది. వాచిన గుండె తనంతట తనే కోలుకోవచ్చు కాబట్టి నాకు కాలం కొనిపెడితే సరిపోయింది. కోలుకోకపోతే ఎల్‌వ్యాడ్ అనే, గుండెకు శాశ్వతంగా అమర్చే పంపు, లేదా ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఇంకొకరి గుండె కోసం ఎదురుచూపు. కాబట్టి మీవాళ్లకు ఎవరైనా మిషన్ పెడతామంటే "బతుకుతారా" అని ఒక్కటే అడగకండి. దేనికోసం పెడుతున్నారు, ఎన్నాళ్లు చూస్తారు, కోలుకోకపోతే తర్వాత ఏంటి, కాలిని ఎవరు చూస్తున్నారు, ఇవన్నీ అడగండి. కసురుకున్నా అడగండి. జ్వరం తర్వాత పడుకుంటే ఆయాసం వస్తే గ్యాస్ అన్న మాటకు తలూపి రావద్దు. ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష, ఎకో, మూడూ అడిగి చేయించుకోండి.

మా అమ్మ జమలాపురం వెంకన్నకు మొక్కుకుంది. ఆ సన్నగొట్టాన్ని సిస్టర్ కంటికి ఆయనే చూపించాడంటుంది. నేను వాదించలేదు, వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చాను. పెదనాన్న కూడా వచ్చారు. అందరి ముందూ "మా పిల్ల గట్టిపిండం, నేను అప్పుడే చెప్పా" అన్నారు. పెద్దవాడు, పోనీలే అని అమ్మ సైగ చేసింది. పులిహోర ఆకులో వడ్డించాను కానీ మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడటం లేదు.