‘వాంటెడ్! ది అవుట్‌లాస్’ ఎల్పీ: వెతకడం, కొనడం, కడగడం, వినడం – నా అనుభవం

అమెరికన్ కంట్రీ సంగీతంలో ‘అవుట్‌లా’ (చట్టానికి లొంగని బందిపోటు) అనే మాటను జనంలోకి తీసుకెళ్లిన రికార్డు ఇది. ఆర్‌సీఏ విక్టర్ అనే రికార్డు కంపెనీ 1976 జనవరిలో విడుదల చేసింది. అట్ట మీద వేలన్ జెన్నింగ్స్, విల్లీ నెల్సన్, జెస్సీ కోల్టర్, టాంపాల్ గ్లేజర్. అదే ఏడాది ప్లాటినం గుర్తింపు వచ్చింది. కంట్రీలో ఆ గుర్తింపు పొందిన మొదటి ఆల్బం ఇదే. అంటే పది లక్షల కాపీలు. అందుకే అమ్మేవాళ్లు ‘చాలా అరుదు’ అన్నా నేను పట్టించుకోను. ఈ రికార్డుకు డబ్బు పెట్టాల్సింది దాని స్థితికే గానీ పాతదనానికి కాదు.

లోపలున్న పాటల్లో చాలా భాగం అప్పటికే వచ్చేసినవి. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరంలో ఆర్‌సీఏ బాధ్యతలు చూసే జెర్రీ బ్రాడ్లీ వాటిని ఏరి ఒకచోట చేర్చారు. విల్లీ 1975 నాటికి కొలంబియా రికార్డు కంపెనీకి వెళ్లిపోయి అక్కడ పెద్ద విజయం సాధించారు. ఆర్‌సీఏ దగ్గర ఆయన 1971లో పాడినవి మిగిలాయి. వాటిలోంచి రెండు ఇందులోకి వచ్చాయి. ఈ గాయకుల తిరుగుబాటు తుపాకులతో చేసింది కాదు. ఏ స్టూడియోలో పాడాలి, ఎవరు వాయించాలి అన్నది తామే తేల్చుకోవాలన్నది వాళ్ల పట్టు. వేలన్ 1972లో ఆర్‌సీఏతో ఒప్పందం తిరగరాయించుకుని అది సాధించారు. ఆ పట్టుదలకు పాతకాలపు ‘పట్టిస్తే బహుమతి’ పోస్టరు బొమ్మ తగిలించి అమ్మింది మాత్రం కంపెనీయే. ‘అవుట్‌లా’ మాట వాడుకలోకి రావడానికి గ్లేజర్ స్టూడియోలో ప్రచారం చూసిన హేజెల్ స్మిత్ కారణమంటారు. వెనక అట్ట మీది వ్యాసం రోలింగ్ స్టోన్ పత్రికకు రాసే చెట్ ఫ్లిప్పోది. రాక్ వినే కుర్రకారును కూడా కంట్రీ దుకాణానికి రప్పించాలనే ఆలోచన అక్కడే కనిపిస్తుంది.

కొనేటప్పుడు ఆ పోస్టరు బొమ్మే ఇబ్బంది పెడుతుంది. కాగితం పసుపెక్కినట్టు, మాసినట్టు కనిపించేలా అట్టను అచ్చు వేశారు. దాంతో ఏది అచ్చు, ఏది నిజంగా పట్టిన మరక అన్నది ముందు వైపు చూసి చెప్పలేం, ఫోటోలో అయితే అసలే చెప్పలేం. అందుకే మూడు ఫోటోలు అడుగుతాను: వీపు అంచు, రికార్డు తీసే నోరు, వెనక అట్ట. తేమ తగిలితే వీపు అక్షరాలు చెదురుతాయి, నోటి అంచు ఉబ్బుతుంది. లోపలి డిస్కు ఒరుసుకుని గుండ్రంగా పడే గీత కూడా వెనక వైపు తేలిగ్గా దొరుకుతుంది. ఒక మూల కత్తిరించో, అంచున రంపపు గాటు పెట్టో ఉంటే అది మిగులు సరుకుగా చవగ్గా అమ్మేసిన కాపీ. వినడానికి లోటేమీ ఉండదు, ధర మాత్రం తగ్గాలి.

తర్వాత లేబుల్. తొలి కాపీల మీద ఏపీఎల్1-1321 అనే సంఖ్య, లేత గోధుమరంగు లేబుల్ ఉంటాయి. అదే ఏడాది ఆర్‌సీఏ నల్ల లేబుల్‌కు మారింది, దాని మీద గ్రామఫోను వినే కుక్క బొమ్మ ఉంటుంది. సంఖ్య ముందు ఏఎఫ్ఎల్1 అని కనిపిస్తే ఇంకా తర్వాత నొక్కినది. అట్ట ఒకటి, డిస్కు ఇంకొకటి కావడం ఈ రికార్డుకు మామూలే. అందుకే రెండింటి మీదా సంఖ్య సరిపోల్చకుండా డబ్బు పంపను. లేబుల్ చుట్టూ పాట లేని నల్లటి భాగంలో చెక్కిన అంకెలు (డిస్కు ఏ అచ్చు నుంచి తీశారో చెప్పేవి) కూడా చూస్తాను. ఆ అంకె ఎంత చిన్నదైతే ధ్వని అంత బాగుంటుందనే మాట మాత్రం నమ్మక్కర్లేదు. ధ్వనిని ఎక్కువగా తేల్చేది పాత యజమాని వాడిన ముల్లే (రికార్డు మీద నడిచే ప్లేయర్ సూది).

గ్రేడు, అంటే అమ్మేవాళ్లు రికార్డు స్థితికి ఇచ్చే గుర్తు, విషయానికొస్తే, చూసి ఇచ్చిన గ్రేడు వేరు, వాయించి ఇచ్చిన గ్రేడు వేరు. నేను వీజీ ప్లస్‌ (వెరీ గుడ్ ప్లస్)కు తగ్గను. దుకాణంలో అయితే డిస్కును ఒకే బల్బు కింద ఏటవాలుగా తిప్పి చూస్తాను. వెంట్రుకంత గీత గోటికి తగలకపోతే వినపడకపోవచ్చు. గోటికి తగిలిందంటే టప్ టప్ తప్పదు. గాళ్లు (ముల్లు నడిచే సన్నటి చాళ్లు) బూడిద రంగుకు తిరిగి మెరుపు పోతే మాత్రం వదిలేస్తాను. అది దుమ్ము కాదు, బరువైన ముల్లు గాడి గోడల్ని తినేసిన గుర్తు.

వాయించి చూసే వీలుంటే చాలామంది రెండో వైపు మొదటి పాట పెడతారు. అది తప్పు పరీక్ష. ఆ పాట ‘గుడ్ హార్టెడ్ వుమన్’, వేలన్ కచేరీ రికార్డింగు మీద విల్లీ గొంతు తర్వాత కలిపి చేసినది. జనం చప్పట్లు, కేకలు నిండుగా ఉంటాయి కాబట్టి చిటపటలు అందులో కలిసిపోతాయి. అదే వైపున విల్లీ ‘ఎస్టర్‌డేస్ వైన్’ పెట్టాలి. దాని తర్వాత లేబుల్‌కు ఆనుకుని ఉన్న ఆఖరి పాట వినాలి. లోపలికి వచ్చేకొద్దీ ముల్లు కింద గాడి వేగం తగ్గుతుంది, అలలు ఇరుకవుతాయి, అరుగుదల ముందు అక్కడే బయటపడుతుంది. ‘స’, ‘ష’ శబ్దాలు ఉమ్మినట్టు వినిపిస్తే ఆ కాపీ అయిపోయినట్టే. మొదటి వైపు ఆఖరున వేలన్, జెస్సీ కలిసి పాడిన ‘సస్పీషియస్ మైండ్స్’ కూడా ఇందుకు పనికొస్తుంది.

నేను తెప్పించిన మొదటి కాపీ దారిలోనే పాడైంది. డిస్కు అట్టలోనే ఉంచి పంపారు. పెట్టె పడ్డ ప్రతిసారీ డిస్కు అంచు కత్తిలా తగిలి పై అతుకు నాలుగు అంగుళాలు చీలింది. అప్పటినుంచి ఆర్డరుతో పాటే రాస్తున్నాను: డిస్కును లోపలి కాగితపు కవరుతో సహా బయటికి తీసి అట్ట వెనక పెట్టండి, రెండు వైపులా గట్టి అట్టముక్కలు వేయండి, ఏదీ కదలకుండా బిగించండి. డాలస్, ఆస్టిన్ వైపు ఉండే మనవాళ్లకు పోస్టుతో పని లేదు, టెక్సస్‌లో ఈ రికార్డు పాత సరుకు దుకాణాల్లో దొరుకుతుంది. ఎండాకాలం కారులో మాత్రం వదలొద్దు. ఒక్క మధ్యాహ్నానికే వినైల్ వంకర తిరుగుతుంది.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్ 800 మి.లీ., స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మి.లీ., ఫోటో ఫిల్ములు కడిగే ఫోటో-ఫ్లో నాలుగైదు చుక్కలు కలుపుతాను. చుక్కలు ఎక్కువైతే గాళ్లలో పొర మిగిలి ముల్లుకు అంటుకుంటుంది. మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే తిప్పాలి, అడ్డంగా రుద్దకూడదు. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, నిలబెట్టి అరగంట ఆరనిస్తాను. కుళాయి నీళ్లు వాడితే ఆరాక ఉప్పు మిగిలి అదే చిటపటమంటుంది. ఇంకో మాట, మన తాతల నాటి 78 వేగం రికార్డులకు ఈ ద్రావణం తగలనివ్వొద్దు. అవి లక్కవి, ఆల్కహాల్‌కు కరుగుతాయి.

ఆ కాలపు ఆర్‌సీఏ డిస్కులు పల్చన, చేతిలో వంగుతాయి. చూసి లోపమనుకోవద్దు. ముల్లు కొద్దిగా పైకీ కిందికీ ఊగినా పాట నిలకడగా వస్తే చాలు. నేను ఆడియో-టెక్నికా వీఎం95ఈ ముల్లుతో, 2 గ్రాముల బరువు పెట్టి వింటాను. గెంతుతోందని 3 గ్రాములకు పెంచితే గాడి అరుగుతుంది. ముందు యాంటీ-స్కేటింగ్ (ముల్లు చేయి లోపలికి లాగబడకుండా సరిచేసే అమరిక), టేబుల్ సమతలం చూసుకోవాలి. పాత లోపలి కవరును అట్టలోనే ఉంచి, డిస్కును మాత్రం కొత్త పాలిథీన్ పొర ఉన్న కవరులోకి మారుస్తాను. మెత్తటి పీవీసీ కవర్లయితే కొన్నేళ్లకు డిస్కు మీద మబ్బులాంటి మచ్చ వేస్తాయి, అది కడిగినా పోదు.